పొదిలి దారిలో వేపచెట్టు

మా గుంటూరు సైకిల్ బృందంలో మొగుడూ పెళ్ళాలుగా చేరింది మేమిద్దరమే. మా ఆయనకి మందుల షాపు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అబ్బాయి చదువుకని హాస్టల్‌కి వెళ్ళాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయిందని ఆయనే ఒకరోజు రెండు సైకిళ్ళు తెచ్చి వరండాలో పెట్టారు. ఏడాది తిరిగేసరికి ఆదివారం తొక్కకపోతే కాళ్ళు ఊరుకునేవి కావు.

ఆ మార్చిలో మూడు రోజుల యాత్ర అనుకున్నాం. గుంటూరు నుంచి చిలకలూరిపేట, మర్నాడు అద్దంకి, ఆ మర్నాడు దర్శి మీదుగా పొదిలి. తిరుగు ప్రయాణంలో సైకిళ్ళు మినీ లారీలో, మనుషులు బస్సులో. మిర్చి కోతల కాలంలో ఆ దారి చూడాల్సిందే అని బృందం నడిపే పెద్దాయన అందరినీ ఒప్పించారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఏ ఊళ్ళో ఎక్కడ టిఫిను, ఎక్కడ నిద్ర అన్నీ ముందే ఖాయం చేసుకుంటే గాని కదలరు.

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. హైవే మీద పత్తి బేళ్ళ లారీలు మోచేతికి తగిలేంత దగ్గరగా పోతుంటే ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని తొక్కాను గాని, లోపలి రోడ్లు ఎక్కాక అదంతా మర్చిపోయాను. ఏ ఊరు దాటినా కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి మా ఆయన తుమ్ముతూ, నవ్వుతూ, మళ్ళీ తుమ్ముతూ తొక్కేవారు. చేలల్లో కూలికొచ్చిన ఆడవాళ్ళు నడుములెత్తి మమ్మల్ని చూసి, ఏ ఊరండీ మీది, ఎవరు తొక్కమన్నారు మిమ్మల్ని ఇంత ఎండలో, అని గట్టిగా అడిగేవారు.

మూడో రోజు అలా లేదు. తెల్లవారి అద్దంకిలో బయల్దేరినప్పటి నుంచీ గాలి లేదు. చెట్టు మీద ఆకు కదలడం లేదు. చెమట ఆరక చొక్కా వీపుకి అతుక్కుపోయింది. దర్శి దాటాక నాకు ఒకటి తట్టింది: పొద్దుటి నుంచీ మమ్మల్ని ఎవరూ పలకరించలేదు. కల్లాల్లో మనుషులు ఉన్నారు. కాని వాళ్ళు రోడ్డు వైపు కాక పడమటి వైపు చూస్తున్నారు. అటు కొండల మీద ఆకాశం నల్లగా కాదు, దెబ్బ తగిలి కమిలిన చర్మంలా ఉంది.

ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టు ముసలాయన గ్లాసులు అందిస్తూ, ఈ ఉక్క మంచిది కాదు, ఇక్కడే బడి వరండాలో ఆగిపొండి అన్నాడు. మా పెద్దాయన ఫోనులో వాతావరణం చూశారు. చిన్న జల్లు అని ఉందట. పొదిలిలో భోజనాలు సిద్ధంగా ఉంటాయి, ఓపిక తెచ్చుకుంటే గంటలో చేరతాం అన్నారు. అందరూ లేచారు.

నాకు మనసు ఒప్పలేదు. మా ఆయనతో ఆగిపోదామని చెప్పాను.

"ఇంకెంత దూరం? నువ్వు మెల్లగా రా. నేను ముందు వెళ్ళి మంచి గది చూసి పెడతా," అన్నారు.

ఆయన పసుపు చొక్కా మలుపు తిరిగే దాకా కనపడింది. నేనూ, బృందంలోని ఇంకో ఆవిడా వెనకబడ్డాం.

కాసేపటికి ఒక్కసారిగా గాలి లేచింది. దుమ్ము కళ్ళల్లో కొట్టింది. రోడ్డు పక్కనే పెద్ద కల్లం. ఊళ్ళో అందరూ సాయిబుగారు అనే రైతూ, ఆయన భార్యా, కోడలూ కాయల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నారు. గాలి ఒక పక్క నుంచి లేపుతుంటే ఇంకో పక్క పరిగెత్తుతున్నారు. సాయిబుగారి భార్య మమ్మల్ని చూసి, ఆ కొస పట్టుకోమని కేక వేసింది. మేం సైకిళ్ళు అక్కడే పడేసి పరిగెత్తాం. పట్టాల మీద రాళ్ళు పెట్టాం, చాలకపోతే మేమే కూర్చున్నాం. కాయల వేడి పట్టా లోంచి కాళ్ళకి తెలుస్తోంది. చినుకులు పెద్దవై గుచ్చుకోవడం మొదలయ్యాక ఆవిడ మా ఇద్దరినీ రెక్క పట్టుకుని షెడ్డులోకి లాక్కుపోయింది.

రేకుల మీద వాన హోరుకి ఒకరి మాట ఒకరికి వినపడలేదు. మా ఆయనకి ఫోను చేశాను. రింగైంది, తియ్యలేదు. మళ్ళీ చేశాను. అప్పుడే షెడ్డంతా తెల్లగా అయిపోయింది. వెలుగూ చప్పుడూ ఒకేసారి వచ్చాయి. నేల అదిరింది. ఫోను చేతిలోంచి జారిపోయింది.

"దగ్గర్లోనే పడింది," అంది సాయిబుగారి భార్య. తర్వాత కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ ఉండిపోయింది.

ఫోను తీసి మళ్ళీ చేస్తే ఈసారి రింగు కూడా లేదు. నాతో వచ్చిన బృందం ఆవిడ, సిగ్నల్ పోయి ఉంటుందిలెండి అంది. కాని ఆవిడ నా ముఖం చూడకుండా అంది.

వాన తగ్గీ తగ్గకముందే సాయిబుగారు మోటార్‌సైకిల్ తీశారు. నన్ను ఎక్కమన్నారు. దారంతా విరిగిన కొమ్మలు, ఎర్రనీళ్ళు. ఎదురుగా ఒక్క బండి రాలేదు. చివరికి దూరంగా చేనుగట్టు మీద జనం కనిపించారు. వాళ్ళ వెనక ఒక వేపచెట్టు, మొదలు దాకా తోలు ఒలిచినట్టు చీలిపోయి ఉంది. రోడ్డు వారన మా ఆయన సైకిలు పడి ఉంది.

చెట్టుకి కాస్త ఎడంగా ఎవరినో పడుకోబెట్టి పైన చీర కప్పారు. ఆ చీర కింద నుంచి కనపడుతున్న పాదాలు చూశాను. పట్టీలున్నాయి. ఆడమనిషి పాదాలు. అవి చూసి నాకు ఊపిరి వచ్చింది. ఆ ఊపిరి సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పుకోలేను.

ఆయన చేను అంచున బురదలో కూర్చుని ఉన్నారు. ఒక కాలికి చెప్పు లేదు. పిలిచాను, తిరగలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే అప్పుడు చూశారు. కుడి చెవిలోంచి రక్తం మెడ మీదికి కారింది.

"నీకేం కాలేదుగా?" అన్నారు, ఎక్కడో దూరాన ఉన్న మనిషిని అడిగినంత గట్టిగా.

అంబులెన్సులో పొదిలి ఆసుపత్రికీ, అక్కణ్ణుంచి ఒంగోలుకీ తీసుకెళ్ళారు. కుడి చెవి పోయింది, కాలు కాలింది, గుండెకి ఏమీ కాలేదు, అదృష్టవంతులు అన్నారు డాక్టరు. ఎడమ చెవిలో ఇంకా హోరుండి ఆ మాట ఆయనకి వినపడలేదు. నేను రాసి చూపించలేదు.

జరిగింది ఆయన మెల్లమెల్లగా చెప్పారు. చైను ఊడి వెనకబడ్డారట. ముందున్న వాళ్ళు గమనించకుండా వెళ్ళిపోయారు. వాన అందుకుంది. వేపచెట్టు కింద మిరపకాయలు కోసే కూలీలు ఒదిగి నిలబడి ఉంటే వాళ్ళే చేయి ఊపి పిలిచారు. చెట్టు కింద ఇంకొకరికి చోటు లేదు.

"ఆవిడ జరిగిందే. తను మొదలు వైపుకి పోయి నాకు చోటిచ్చింది," అన్నారు.

ఆ తర్వాత ఆ మాట ఎన్నిసార్లు అన్నారో. అన్నం ముందు కూర్చుని అనేవారు.

కాలు మానాక ఆ ఊరు వెళ్ళాం. చనిపోయినావిడ భర్త కాలనీలో ఇంటి ముందు మాకు కుర్చీలు వేశాడు. మా ఆయన ఏదో చెప్పాలని బయల్దేరి వచ్చారు గాని, ముందు అతనే అడిగాడు.

"మీరు పక్కనే ఉన్నారంటగా. ఆఖర్న ఏమైనా అన్నదా అండి?"

నేను ఆయన ఎడమ చెవి దగ్గర ఆ ప్రశ్న మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"'లోపలికి రా అన్నా, తడిసిపోతన్నావు' అన్నది," అన్నారు ఆయన.

అతను తల ఊపాడు. లోపల ఉన్న కూతుర్ని పిలిచాడు. ఇంటరు చదివే పిల్ల గడప దగ్గరికి వచ్చింది. అమ్మ ఇలా అన్నదంట అని ఆ మాటే తిరిగి చెప్పాడు. ఆ పిల్ల విని, మా వైపు చూడకుండా లోపలికి పోయింది. మేం తిన్నామో లేదో అడిగి, తినకుండా కదలనివ్వలేదు అతను.

బృందం ఆ తర్వాత రెండు యాత్రలు చేసింది. మేం ఆదివారాలు ఊరి అంచు దాకా తొక్కి వచ్చేస్తాం. కుడి పక్క నుంచి వచ్చే బండి ఆయనకి వినపడదు కాబట్టి నేను వెనక ఉండి చెబుతుంటాను.

మబ్బు పట్టిన రోజుల్లో ఆయన షాపులోంచి ఫోను చేస్తారు. ఉరిమిందా, అని అడుగుతారు. దూరపు ఉరుములు ఇప్పుడు ఆయనకి అందవు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి వింటాను. ఒక్కోసారి కొండవీడు వైపు సన్నగా వినపడుతూనే ఉంటుంది. లేదండీ, అంటాను. అయినా నాకు ఫోనులో ఆయన షట్టరు దించుతున్న చప్పుడు వినపడుతుంది.