నాయిన తెచ్చుకున్న నూట ఎనభై

మా నాయిన కంటి ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. బీపీ దిగితేనే చేస్తానని నల్గొండలో డాక్టరు తెగేసి చెప్పాడు. ఒక కన్ను ఎప్పుడో తుమ్మముల్లు గుచ్చుకుని పోయింది. మిగిలిన కంట్లో శుక్లం ముదిరింది. రామన్నపేట దగ్గర గొర్లు కాసిన మనిషి, నా ఇంట్లో గోడ పట్టుకుని నడిచేవాడు.

"ఏ ఫికరూ పెట్టుకోవద్దు. పొద్దున్నే నడవాలి, నిండా గాలి పీల్చి మెల్లగా వదలాలి" అన్నాడు డాక్టరు. నాయిన అచ్చం అలాగే చేశాడు. ఆయన ఫికరంతా నేను నెత్తికెత్తుకున్నాను. అన్నం మానేసి రోజుకు తొమ్మిది చాయ్‌లు తాగాను. ఆఫీసులో ఫైలు అడిగినవాళ్ల మీదల్లా కయ్యిమని లేచాను. ఆయనకు దొరక్కుండా ఉప్పు డబ్బా దాచి, ఎక్కడ దాచానో మర్చిపోయి ఏడ్చాను. అవును, ఉప్పు డబ్బా కోసమే! గంటకోసారి వెళ్లి "నాయినా, ఫికర్ చేయకు!" అని అరిచేదాన్ని.

"నాకేం ఫికర్ బిడ్డా? నువ్వు మొత్తుకుంటుంటే గుండె దడదడమంటాంది, గంతే" అనేవాడు.

మూడోసారి దవాఖానకు పోయాం. నర్సమ్మ ఆయన చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. నూట ఎనభై. నేను తల పట్టుకుని కూలబడ్డాను. నాయిన మాత్రం మీసం దువ్వాడు.

"మరి అల్లునికి ఎంతొస్తది?"

"నూట ఇరవై" అన్నాను.

"గంతేనా? అయ్యో పాపం! తిండి సక్కగ పెడ్తలేవా ఏంది?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అంగడిలో గొర్రెను చేతుల్తో ఎత్తి బరువు చూసి బతికిన మనిషి కదా, ఆయన దృష్టిలో ఎక్కువుంటేనే మేలు. పట్టీ కట్టిన ప్రతిసారీ పిడికిలి బిగించి, ఊపిరి బిగబట్టి, పళ్లు కొరుకుతూ సత్తా చూపించాడట!

"ముసలోనికి సత్తువ లేదని ఆపరేషన్ చెయ్యరేమో అని భయమైంది బిడ్డా" అన్నాడు.

నర్సమ్మ గోడవైపు తిరిగి నవ్వింది. నాకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. బెంచీ మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. నెల రోజుల్లో నా ఒళ్లు తేలికపడింది అప్పుడే.

"చెయ్యి వదులు నాయినా. ఈడ తక్కువొచ్చినోడే గెలుస్తడు."

అరగంట ఊరికే కూర్చోబెట్టి మళ్లీ చూశారు. నూట ముప్పై ఎనిమిది. ఆపరేషన్‌కు ఒప్పుకుని ఆరోజే చేసేశారు.

మర్నాడు కట్టు విప్పారు. ఆయన కన్ను చికిలించి గోడను చూశాడు, కిటికీని చూశాడు, నా మీద ఆగాడు. ఏదో హాస్యమాడతాడని నవ్వుతూ నిలబడ్డాను. ఆయన చెయ్యి చాచి నా పాపిట తడిమాడు.

"గీ ఎంట్రుకలు ఎప్పుడు తెల్లవడ్డయి బిడ్డా?"

"రెండేండ్లయింది నాయినా. నీకే కనవడలే."

"ఏడ్వకుండ్రి, కన్ను కరాబైతది!" అని నర్సమ్మ మా ఇద్దరినీ కసిరింది.