కనుబొమల నిండా దూది ఉన్న అగ్నిసర్పం

పఠనమందిర మిత్రులకు నమస్కారములు. ఈ ఉత్తరం ఎవరి చేతికైనా పోవచ్చు కనుక తేదీని, ఊరిని రాయలేదు.

ఈ సాయంత్రం నా పూర్వ విద్యార్థిని ఒకతె, వారపత్రికకు పంపే కథను దిద్దమని తెచ్చింది. కోటలో నిద్రపోతున్న రాకుమారిని లేపడానికి రాకుమారుడు వస్తాడు. ఆమె మాత్రం తనకు కావలి కాసిన అగ్నిసర్పాన్నే వరిస్తుంది. పాత కథను అలా తిప్పడం నాకు అభ్యంతరం కాదు. కానీ ఆ సర్పం పత్తిమిల్లు సైరన్ మోగిన తరువాతే వస్తుంది, దాని కనుబొమల నిండా దూది!

"ఎవరమ్మా ఈ సర్పం?" అని అడిగాను.

"కతలోదే సార్. ఈ ఊర్లో తిరిగే పాముకు దూది అంటకుండా యాడికి పోతాది?" అంది తల ఎత్తకుండా.

అంతలో ఆమె తండ్రి వచ్చాడు. ఆమెకు ఎమ్మిగనూరు పెళ్లి సంబంధం ఖాయం చేసే తొందరలో ఉన్నాడు. ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు.

"ఏం రాసింది సార్ మా పిల్ల? సెడ్డదేమన్నా ఉంటే సెప్పండి, పొయ్యిలో ఏస్తా."

అమ్మాయి నా చేతిలోని కాగితాలనే చూస్తూ నిలబడింది.

"పాము కథ సాహెబ్. ఒక్క తప్పు కూడా లేదు" అన్నాను. విభక్తి దోషాలు రెండున్నాయి. అయినా కవరు నేనే అంటించి ఇచ్చాను.

మీరైతే ఏమి చెప్పేవారో రాయండి. దీనిని అందరికీ వినబడేలా చదవండి. చదివేటప్పుడు మిల్లు నుంచి వచ్చిన శ్రోతల ముఖాలను మాత్రం కొంచెం గమనించండి.