మిగిలిన సగం సాక్ష్యం

చర్చిలో మా ఆయన పాట మధ్యలో ఆగిపోయిన ఆదివారం నాకు ఇప్పటికీ గుర్తుంది. డోలక్ వాయిస్తూ పాట ఎత్తుకుంటే అశ్వారావుపేట బస్టాండు దాకా వినబడే గొంతు ఆయనది. ఆ రోజు రెండో చరణంలో దగ్గు వచ్చింది, ఎంతకీ ఆగలేదు. పాట మేము పూర్తి చేశాం. ఆయన గుడి బయట అరుగు మీద కూర్చుని దగ్గుతూనే ఉన్నాడు.

ఇది ఎనభైల చివరి మాట. ఆయన పేరు బెంజిమెను, చేసేది దర్జీ పని. దగ్గును బట్టల దుమ్ము మీదికి తోసేశాడు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. చొక్కాలు వదులైపోయాయి. దర్జీ కాబట్టి వాటిని బిగించి కుట్టుకున్నాడు గానీ దవాఖానాకు మాత్రం కదల్లేదు. చివరికి దగ్గితే పడిన కళ్లెలో రక్తపు చార కనబడింది. ఇక నేను ఆయన మాట వినడం మానేసి భద్రాచలం బస్సెక్కించాను.

అక్కడి దవాఖానాలో ఎక్స్‌రే తీశారు, కళ్లె తీసుకుని స్పూటమ్ టెస్ట్ చేశారు. డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసింది.

"టీబీ. పాజిటివ్. భయపడకండి, నయమవుతుంది. కానీ దగ్గు తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. కోర్సు మధ్యలో ఆపితే మళ్లీ నా దగ్గరికే వస్తారు. అప్పుడు ఇంత మంచిగా మాట్లాడను."

ఇంజెక్షన్లు, గోలీలు మొదలయ్యాయి. రిఫాంపిసిన్ అనే గోలీ వేసుకున్న మొదటి రోజే మూత్రానికి వెళ్లి పెరట్లోంచి కేక పెట్టాడు. "ఓ మార్తా! రక్తం పోతాందే!"

"రక్తం కాదు, గోలీ రంగు. నర్సమ్మ చెప్పింది. నువ్వు వింటివా?" అన్నాను.

కొన్ని రోజులు జావ తాగినా కక్కేవాడు. ఒక మధ్యాహ్నం తనంతట తానే ఎండుచేపల కూర అడిగాడు. వంటింట్లోకి వెళ్లి సంతోషంతో ఏడ్చాను. మెల్లగా దగ్గు ఆగింది. చొక్కాల కుట్లు మళ్లీ విప్పుకున్నాడు.

మా సంఘంలో ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. మేలు పొందినవాళ్లు లేచి చెబుతారు. ఆయన కూడా లేచాడు.

"సావు దాక పోయిన. మీరు ప్రార్థన చేసిన్రు, ప్రభువు నన్ను ముట్టిండు. ఇగ సూడున్రి, పాడుతున్న!"

సంఘమంతా హల్లెలూయా అంది, నేనూ అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గోలీల ఊసు మాత్రం ఎత్తలేదు. ఆ సాక్ష్యం ఊరూరా పాకింది. ఆయన్ని చూడటానికి ఇంటికి విశ్వాసులు రావడం మొదలైంది. అప్పటినుంచి మా గోలీల పొట్లం జొన్నపిండి డబ్బాలోకి మారింది.

"ఏందయ్యా, పిండికి గిట్ల టీబీ వచ్చిందా?" అని అడిగాను.

"ఊకో. గోలీలు సూస్తే దేవుని మహిమ తగ్గుతది" అన్నాడు.

పొరుగూళ్ల ప్రార్థన కూటాలకు పిలిస్తే గోలీలు లేకుండానే వెళ్లేవాడు. అక్కడ అందరి మధ్య పడుకోవాలి కదా, ఎవరైనా చూస్తారని.

సారమ్మ మా సంఘంలోని మనిషే. ఆయిల్‌పామ్ మొక్కల నర్సరీలో కూలికి పోయేది. ఇద్దరు చిన్న పిల్లలు. ఆమెకూ టీబీయే, అదే డాక్టరమ్మ మందులు. ఒకరోజు బోరింగు దగ్గర బిందె ఎత్తలేక కూలబడింది.

"గోలీలు ఏసుకుంటున్నవా సారమ్మా?"

"లేదక్కా, ఆపిన. అన్న ప్రార్థనతోనే బాగయిండు గద. నేను మింగితే నాకు విశ్వాసం లేనట్టే."

నాకు ముందు భయం వేసింది. ఇంటికి చేరేసరికి అది కోపమైంది. జరిగిందంతా ఆయనకు చెప్పాను.

"నేనేమన్న అబద్ధం సెప్పిన్నా?" అన్నాడు.

"సెప్పలె. నిజాన్ని తీస్కపోయి పిండి డబ్బల పెట్టినవ్."

"ఇప్పుడు సెప్తే సంఘంల నా ఇజ్జత్ ఏమైతది?"

"నీ ఇజ్జత్ పోతే మల్లొస్తది. ఆ పిల్లల తల్లి పోతే వస్తదా?"

బదులు చెప్పబోయాడు. దగ్గు వచ్చింది. అదే పాత దగ్గు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

వచ్చిన ఆదివారం సాక్ష్యాల సమయంలో డోలక్ పక్కన పెట్టి లేచాడు. జేబులోంచి పొట్లం తీశాడు.

"పోయినసారి నేను సగమే సెప్పిన. ప్రభువు ముట్టిండు, నిజమే. ఈ గోలీలతోని ముట్టిండు. ఇవి దాచిపెట్టి మీ అందర్నీ మోసం జేసిన. నడుమ నడుమ మానేస్తే దగ్గు మల్లొచ్చింది."

అందరూ మా పాస్టరు అయ్యగారి వైపు చూశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, లాల్చీ జేబులోంచి గోలీల పొట్లం తీశాడు.

"ఇవి నా షుగర్ గోలీలు. నేను కూడా మీకు సెప్పలె" అన్నాడు.

ముందు ఒక ముసలమ్మ నవ్వింది, ఆపై గుడంతా నవ్వింది. ఆ రోజు మా ఆయన మీద నాకు కలిగినంత గౌరవం పెళ్లినాడు కూడా కలగలేదు.

సారమ్మ ఆ రోజు గుడికి రాలేదు, లేవలేకపోయింది. మేమే వాళ్లింటికి వెళ్లాం. ఆయన ఆమె ఎదురుగా కూర్చుని గోలీలు మింగి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి నాలుక చాపి చూపించాడు. సారమ్మకు నవ్వాగలేదు. మర్నాడే ముగ్గురం భద్రాచలం వెళ్లాం.

డాక్టరమ్మ మాట మీద నిలబడే మనిషి. అన్నట్టే ఈసారి మంచిగా మాట్లాడలేదు. పరీక్షలన్నీ మళ్లీ చేయించి, ఇద్దరికీ కోర్సు మొదటినుంచి రాసింది. కోర్సు పూర్తయ్యేదాకా పొద్దున్నే సారమ్మ మా ఇంటికి వచ్చేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మింగేవాళ్లు, నేను నోళ్లు తెరిపించి చూసేదాన్ని.

ఆ తర్వాత మా ఆయన పాట మళ్లీ బస్టాండు దాకా వినబడింది. సారమ్మ పిల్లలు బడికి పోయారు. స్పూటమ్ నెగెటివ్ వచ్చాక ఆమె చెప్పిన సాక్ష్యం ఇది: "ప్రభువు నాకు గోలీలిచ్చిండు. మింగెటందుకు బుద్ధిచ్చిండు. మింగకపోతే తిట్టనీకి మార్తక్కను ఇచ్చిండు."

మీ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే గోలీలు అందరికీ కనబడే చోట పెట్టండి. రోజూ ఒక మనిషి ఎదురుగా మింగమనండి. దగ్గు ఆగినా సరే, డాక్టరు చాలనేదాకా ఆపనివ్వకండి. ప్రార్థనా మానొద్దు. దేవుని మహిమ గోలీలు కనబడితే తగ్గేది కాదు. మా పిండి డబ్బాలో ఇప్పుడు పిండే ఉంటోంది.