ఛీ మేస్త్రీ విప్పిన ఇంజను

ఏ బండి షెడ్డులోకి వచ్చినా మేస్త్రీ నోట మొదట వచ్చే మాట "ఛీ". స్పానరు అడిగేది ఆ తర్వాతే. జ్వరం వచ్చినవాడి చెయ్యి పట్టుకుని డాక్టరు ఛీ అంటే ఎలా ఉంటుంది? అయినా జనం ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు, పని తెలిసినవాడు గనక. పని తెలిసినవాడికి నోటి దురుసు కూడా ఒక అర్హతే అనుకునే లోకం మనది. డ్రైవర్లనీ, ఓనర్లనీ, పక్క షెడ్డు మెకానిక్కులనీ, కట్టుకున్న భార్యనీ నలభై ఏళ్ళపాటు ఛీ అంటూ అంటూ చివరికి ఆయనే ఛీ మేస్త్రీ అయ్యాడు. వెనకాల అలా పిలుస్తారని ఆయనకి తెలుసు. తెలిసి, అదేదో బిరుదైనట్టు మీసం దువ్వుకున్నాడు.

ఒకరోజు పొద్దున్నే, పాలవ్యాను నడిపే ఆవిడ క్రేనుకు తగిలించి ఒక లారీని తీసుకొచ్చింది. లారీ అనడం మర్యాదకే. కలప అడితి వెనక ఇరవై ఎనిమిదేళ్ళు ఎండకి ఎండి వానకి తడిసిన ఇనుము అది. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు బండి. నేలలోంచి తీగలు లేచి, క్యాబిను అడుగురేకు తుప్పు కన్నాల్లోంచి దూరి, స్టీరింగుని చుట్టేసుకున్నాయి. లారీ ఓనరు పోయాక అతని కొడుకులు దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేయబోతున్నారని తెలిసి, ఆవిడ పాల డబ్బాలు వ్యానులోనే వదిలేసి పరుగున వెళ్ళి కొనుక్కుంది.

"ఛీ," అన్నాడు మేస్త్రీ. "ఈ శవానికా ముస్తాబు?"

"నడిచేలా చెయ్యాలి మేస్త్రీగారూ. ఈ ఇంజను విప్పడం తెలిసినవాళ్ళలో ఇక మీరొక్కరే ఉన్నారట."

"నువ్వు నడిపేది పాలవ్యాను. అదొక ఆటబొమ్మ. దీని స్టీరింగు తిప్పితే నీ భుజాలు ఊడొస్తాయి."

"నాకు కాదండీ. మా నాన్న నడిపిన బండి ఇది."

మేస్త్రీ అప్పుడు ఆమె మొహంలోకి చూశాడు. అదే గడ్డం, అవే బరువు రెప్పలు.

"ఓహో! ఆ నిద్రమొహం కూతురివా?"

"అవును. ఆ పేరు పెట్టింది మీరేగా."

పెట్టింది ఆయనే. అప్పట్లో ఈ లారీకి ఇంజను పని మొత్తం చేసి పంపింది కూడా ఆయనే. మొదటి లోడుతో నలభై మైళ్ళు పోయాక ఇంజను బిగుసుకుని పట్టేసింది. నూనె ఒత్తిడి చూపించే ముల్లు చివరిదాకా నిలబడే ఉందని డ్రైవరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఓనరు మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ బానెట్టు కూడా ఎత్తలేదు. "ఇంజను తెరవక్కర్లేదు, వీడి మొహం చూస్తే చాలు. ముల్లు పడిపోయింది, వీడు నిద్రపోయాడు," అని ఎనిమిది మంది ముందు తీర్పిచ్చేశాడు. అందరూ నవ్వారు. ఓనరు డ్రైవరుని అక్కడికక్కడే పనిలోంచి తీసేసి, ఆ కోపంలోనే బండిని అడితి వెనక్కి నెట్టించాడు. ఆ తర్వాత నిద్రమొహానికి స్టీరింగిచ్చినవాడు లేడు. గోదాములో మూటలు మోసి పిల్లను పెంచాడు. ఇప్పటికీ కూతురు వ్యానెక్కితే ముందు సీట్లో కూర్చోడు, వెనక డబ్బాల పక్కన సర్దుకుంటాడు.

"ఒక్క షరతు," అంది ఆవిడ. "ఇంజను విప్పేటప్పుడు నేనుండాలి. అసలేమైందో నా కళ్ళతో చూడాలి. తప్పు నాన్నదే అయితే, అదీ తెలియనివ్వండి."

"చూద్దువుగానీ. చూస్తే నీకేం అర్థమవుతుంది గనక!"

విప్పే రోజు పాల కేంద్రం దగ్గర ఆలస్యమై ఆవిడ ఎనిమిదింటికి రాలేకపోయింది. పాలు పోసుకునేవాళ్ళ కోసం ఇంజను ఆగుతుందా అని మేస్త్రీ మొదలుపెట్టేశాడు. వెనక వైపు బేరింగులు బొగ్గులయ్యాయి. ముందువి మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. ఇదేం వింత అనుకుంటూ, బేరింగులకి నూనె పారే సన్నటి దారిలో కడ్డీ పెట్టి చూశాడు. సగం దాకా దిగి ఆగిపోయింది. ఇనపతీగ కొస వంచి లోపలికి పోనిచ్చి లాగితే జానెడు గుడ్డ బయటికొచ్చింది, నల్లగా, చుట్టలు చుట్టుకుని.

డీజిల్లో జాడించాడు. నాలుగంచులా ఎర్రదారం కుట్టు తేలింది.

ఊళ్ళో మిగతావాళ్ళంతా పీచుదూదితో తుడిచేవాళ్ళు. పీచు ఇంజన్లో పడుతుంది, వాళ్ళూ మెకానిక్కులేనా అని ఈసడించి మేస్త్రీ అంచు కుట్టిన గుడ్డలే వాడేవాడు. కుట్టేది భార్య. పని మధ్యలో దుమ్ము పడకుండా నూనెదారుల మూతులకి ఆ గుడ్డలు కుక్కి, బిగించే ముందు తీసేసేవాడు. ఇది తీయలేదు; నూనె దాన్ని తోసుకుపోయి దారి మధ్యలో ఇరికించింది. నూనె ముందు బేరింగులకి అందింది, ముల్లుకీ అందింది, వెనక్కి మాత్రం చుక్క పోలేదు. డ్రైవరు కాదు కదా, ముల్లుని కన్నార్పకుండా చూసే మొనగాడెవడున్నా ఏమీ కనిపెట్టలేడు.

అప్పుడే ఆవిడ వ్యాను వచ్చి ఆగింది. మేస్త్రీ గుడ్డని జేబులో కుక్కుకున్నాడు. అందరినీ ఎద్దేవా చేసిన పెద్దమనిషి చేసిన మొదటి పని అది.

"నేను రాకుండానే విప్పేశారా? ఏం కనిపించింది?"

"వెనక బేరింగులు మాడాయి. నూనె అందలేదు."

"ఎందుకందలేదు?"

మేస్త్రీ చెయ్యి జేబు మీదికి పోయింది. "ముల్లు పడిపోయాక కూడా నడిపితే ఏ బండికైనా అంతే."

ఆవిడ మాడిన బేరింగుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "అయితే నాన్నదే తప్పన్నమాట," అంది చివరికి. "నేనే పిచ్చిదాన్ని. బండి బాగుచెయ్యండి. నాన్నకి మాత్రం ఈ మాట చెప్పకండి, మేస్త్రీగారూ. ఇన్నాళ్ళకి ఏదో ఆశపడ్డాడు." కంట్లో నీళ్ళు కనబడకుండా తిరిగి వ్యానెక్కేసింది.

ఆవిడ తిట్టినా బాగుండేది. బతిమాలింది. అది తట్టుకోలేక మేస్త్రీ షెడ్డులో ఉన్నవాళ్ళందరి మీదా ఎగిరిపడి, సాయంత్రం తొందరగా ఇంటికి పోయాడు. మర్నాడు భార్య చొక్కా ఉతకబోయి, గుడ్డ పట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఇది ఆ లారీలోదేనా?"

"ఏదో పాతగుడ్డ. పారెయ్."

"నా ఎర్రదారం నాకు తెలీదా? ఆ పనికి పన్నెండు కుట్టిచ్చాను. ఉతుక్కి పదకొండే వచ్చాయి. ఒకటి తక్కువుందయ్యా, చూసుకో అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

ఉంది. ఛీ, పది దాటి లెక్కపెట్టడం ఎప్పుడు నేర్చుకున్నావే అన్నాడు. అప్పటికి బండి ఇంకా షెడ్డులోనే ఉంది. ఒక్క పూట పని, విప్పి చూసుకుంటే సరిపోయేది.

"లారీ పట్టేసిందని విన్నాక నాకు అనుమానమొచ్చింది. నీతో అనిపించుకోవడం దేనికని నోరు మూసుకున్నాను. అదొక్కటే నా తప్పు. మిగతాదంతా నీదే," అని గుడ్డని ఆయన ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది. ఆ పడేయడంలో ఎంత ఏవగింపు ఉందంటే, ఆయన నలభై ఏళ్ళలో పోగుచేసుకున్నదంతా దాని ముందు దిగదుడుపే. మేస్త్రీకి సిగ్గేసింది. అలవాటు లేని సరుకు కాబట్టి దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక చొక్కా తొడుక్కుని బయటపడ్డాడు.

డ్రైవరు ఇంటి ముందు కుళాయి దగ్గర కూర్చుని పాల డబ్బాలు తోముతున్నాడు. పక్కనే కూతురు వ్యాను అద్దం తుడుస్తోంది. అంత సిగ్గులోనూ మేస్త్రీకి పాతబుద్ధి ఒక్కసారి తల ఎత్తింది. డబ్బాలు తోముకునే ఈ మనిషి ముందా నేను తల వంచేది అనిపించింది. ఆ బుద్ధి పోయేదాకా ఆగితే జన్మంతా అక్కడే నిలబడాలని గ్రహించి, గుడ్డ తీసి చూపించాడు.

"నీ తప్పు కాదు డ్రైవరూ. ఇది నూనెదారిలో మరిచిపోయాను. నిన్న అమ్మాయితో చెప్పింది అబద్ధం."

కూతురి చేతిలో తుడిచే గుడ్డ ఆగిపోయింది. డ్రైవరు చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. ఎర్ర కుట్టుని వేలితో తడిమి చూశాడు.

"ముల్లు పడలేదుగా?"

"పడలేదు. పడదు."

"అదే చెప్పాను. ఏడుస్తూ చెప్పాను." కుళాయి కట్టేశాడు. "ఇక్కడ మా ఇంట్లో చెప్తే ఏం లాభం? ఆ రోజు ఎనిమిది మంది నవ్వారు. ఓనరుతో కలిపి ఐదుగురు పోయారు. వాళ్ళు నన్ను అలాగే అనుకుంటూ పోయారు. దానికి నువ్వేం చెయ్యలేవు."

డ్రైవరు తోమిన డబ్బాలు వ్యానులోకి ఎక్కించాడు.

"ఇంకా ముగ్గురున్నారు. వాళ్ళిళ్ళు నాకు తెలుసు. వ్యానెక్కు."

మొదటిది టైర్ల ఆసామి కొట్టు. ఎనభై దాటిన మనిషి, బజారు మధ్యలో కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేస్త్రీ దగ్గరికి వెళ్ళి వంగి, పక్కవాళ్ళకి వినపడకుండా చెవిలో చెప్పాడు. ముసలాయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని అయోమయంగా చూశాడు.

"ఏమిటీ? ఎవరు మరిచిపోయారు?"

"ఆయనకి అలా చెబితే వినపడదు," అన్నాడు డ్రైవరు. "గట్టిగా చెప్పు."

పక్క కొట్టువాళ్ళు అప్పటికే తలలు బయటపెట్టారు. మేస్త్రీ ఒకసారి బజారంతా చూసి, గొంతెత్తి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.