మీ ఇష్టం అన్న రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు అస్సలు గిట్టని మనిషి మా తాతయ్య. పోయినవాళ్ళ గురించి అలా రాయకూడదంటారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, నాకూ అరవై ఆరు దాటాయి, ఇంకా ఎవరి మెప్పు కోసం అబద్ధం రాయాలి? నాన్నమ్మ పోయాక ఆయన ఒక ట్రంకుపెట్టె, అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు నిఘంటువు పట్టుకుని బెజవాడ నుంచి ఢిల్లీ వచ్చి మా ఇంట్లో దిగాడు. సరోజినీ నగర్‌లో మాది రెండు గదుల గవర్నమెంటు క్వార్టరు. వచ్చిన వారానికి ముందు గది ఆయనదైపోయింది. నేను పుస్తకాలు తీసుకుని వంటింటి గుమ్మం దగ్గరకి చేరాను.

తాతయ్య రైల్వేలో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. పొద్దున్నే పేపరు ముందేసుకుని అందులో తప్పులకి ఎర్రపెన్సిలుతో గీతలు పెట్టేవాడు. మా నోట్లోంచి వచ్చే ప్రతి ఇంగ్లీషు మాటనీ అలాగే పట్టుకునేవాడు. తప్పు మాట్లాడితే ఆ పెన్సిలు వెనక కొసతో నడినెత్తిన ఒకటి పడేది. మా నాన్న కూడా గుమాస్తాయే, ఒక మంత్రిత్వ శాఖలో. పగలు ఆఫీసులో సెక్షన్ ఆఫీసరుకి, సాయంత్రం ఇంట్లో తండ్రికి తల ఊపేవాడు. అమ్మ అయితే అదీ లేదు. ఆమె తల ఊపిందో లేదో చూసినవాళ్ళే లేరు.

నేను ఎనిమిదో తరగతి ముగించిన ఏడు బడి నుంచి ఒక ఫారం తెచ్చాను. అప్పట్లో తొమ్మిదిలోనే సైన్సో, ఆర్ట్సో, హోమ్ సైన్సో తేల్చేసుకోవాలి. ఆ తర్వాత మారడానికి వీల్లేదు. లెక్కల్లో క్లాసు మొత్తానికి నేనే ఫస్టు. సైన్సు తీసుకోకపోతే చెవి మెలిపెడతానని మా లెక్కల టీచరు అప్పటికే బెదిరించింది. నాకు కావలసిందీ అదే. అయితే మా బడిలో సైన్సు సెక్షన్ లేదు. రెండు బస్సులు మారి వేరే ఆడపిల్లల బడికి వెళ్ళాలి. హోమ్ సైన్సు మాత్రం ఉన్నచోటే ఉంది, నడిచి వెళ్తే పది నిమిషాలు. ఫారంలో నింపాల్సినవి మూడే: నా పేరు, నా ఆప్షన్, తండ్రి సంతకం. శనివారంలోగా ఇచ్చెయ్యాలి.

ఆ సాయంత్రం తాతయ్య ఫారం చూశాడు. చూసి ఊరుకుంటే ఆయన తాతయ్య ఎందుకవుతాడు? నన్ను కూర్చోబెట్టి, నిఘంటువు నా ఒళ్ళో పడేసి, ఆప్షన్ అన్న మాట వెతకమన్నాడు. వెతికాను. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. మూలంలో ఉన్న క్రియకి అర్థం కోరుకోవడం. ఎవరినైనా పెంచుకోవడానికి వాడే అడాప్ట్ అన్న మాట కూడా ఆ వేరు నుంచే వచ్చిందనీ, కోరి తమవాళ్ళుగా చేసుకోవడమనీ అక్కడే ఉంది. నాకు ఆవలింత వచ్చింది. నడినెత్తిన పెన్సిలు పడింది.

“చాయిస్ అంటే కూరలబండి దగ్గర వంకాయలు ఏరుకోడానిక్కూడా వాడుకోవచ్చే. ఆప్షన్ అలాక్కాదు. ఎదటివాడు నీ ముందు రెండో మూడో పెట్టి, ఇందులో నువ్వు కోరుకునేదేదో చెప్పుకో అన్నాడన్నమాట. ఆ చెప్పుకునే హక్కు పేరు ఆప్షన్. దాన్ని వాడుకుంటే ఎక్సర్‌సైజ్ చెయ్యడం అంటారు. వాడకపోతే అది ఉన్నట్టు కాదు. ఏం, అర్థమయిందా? ఇప్పుడు చెప్పు, నీకేం కావాలి?”

నాన్న కుర్చీలో ఉన్నాడు. అమ్మ గుమ్మంలో చేట పట్టుకుని నిలబడింది. నాకేం కావాలో ముగ్గురికీ తెలుసు. నేను తల వంచుకుని, “మీ ఇష్టం తాతయ్యా” అన్నాను.

ఎందుకన్నానంటే, మా ఇళ్ళలో మంచిపిల్ల అనవలసిన మాట అదే. భోజనానికి పిలిచినవాళ్ళు రెండోసారి వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. అంతమాత్రాన కడుపు నిండిందని ఎవరూ అనుకోరు. ఆ చెయ్యి తప్పించి వడ్డిస్తారు. నేనూ అలాగే చెయ్యి అడ్డం పెట్టాను. మా నాన్న ముందుకొచ్చి, అదేమిటమ్మా, నువ్వు సైన్సే తీసుకోవాలి అంటాడని, ఎంత వినయం గల పిల్లో అని అందరూ అనుకుంటారని నా లెక్క.

నాన్న కుర్చీలోంచి కదల్లేదు. తాతయ్య ఇంకు పెన్ను మూత తీసి, ముత్యాల్లాంటి దస్తూరీతో, ఆప్షన్ అని ఉన్న చోట హోమ్ సైన్స్ అని రాశాడు. రాసి ఊదాడు. నేను కెవ్వుమన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు.

“మా ఇష్టం అన్నావుగా. ఇదీ మా ఇష్టం.”

ఆ మాటకి నాకు ఒళ్ళు తెలియలేదు. ఫారం లాక్కుని నాలుగు ముక్కలు చేసి ఆయన ఒళ్ళో విసిరికొట్టాను. అంతవరకూ బొమ్మలా కూర్చున్న నాన్న అప్పుడు లేచాడు. పుట్టి బుద్ధెరిగాక నా మీద చెయ్యెత్తని మనిషి చెంప మీద ఒక్కటిచ్చాడు. అదీ నా చదువు కోసం కాదు, తాతయ్య మర్యాద కోసమైనా కాదు. “సర్కారు కాగితం చింపుతావా?” అన్నాడు. గుమాస్తా ఇంట్లో కూతురి ఏడుపు కన్నా చిరిగిన ఫారమే పెద్ద ఘోరం. ఆ చెంపదెబ్బని నేను క్షమించాను. అంతకుముందు కూర్చున్న కూర్చోడాన్ని మాత్రం క్షమించలేదు.

ఆ పూట నేను అన్నం ముట్టలేదు. మర్నాడు బడిలో ఇంకో ఫారం కావాలని ఆఫీసు గుమాస్తాని అడిగాను. “ఫారం క్యా పేడ్ పే ఉగ్తే హైఁ?” అని, ఫారాలు చెట్లకి కాస్తున్నాయా అని, వరండాలో అందరూ వినేలా అరిచింది. హెడ్‌మిస్ట్రెస్ దగ్గరకి పంపింది. ఆమె తలుపు బయట గోడకి ఆనుకుని మూడు పీరియడ్లు నిలబడ్డాను. అంతసేపూ తాతయ్యని తిట్టుకుంటూనే ఉన్నాను. తిట్టుకుంటున్న కొద్దీ ఒక సంగతి తెలిసి ఇంకా కోపం వచ్చింది. ఆయన రాసింది నేను ఇచ్చిన అనుమతితోనే. ముందురోజు ఒక్క మాట అనడానికి నాకు నామోషీ అయింది. ఇప్పుడు ఆ మాట కోసమే బడి అంతటి ముందూ నిలబడ్డాను. చివరికి ఫారం దొరికింది. అక్కడే, నా పెన్నుతో, నా కోడిగీతల దస్తూరీతో సైన్స్ అని రాశాను.

సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి చెప్పులన్నా విప్పకముందే ఎదురుగా నిలబడ్డాను.

“నాన్నగారూ, నాకు సైన్సు కావాలి. సంతకం పెట్టండి.”

కావాలి అన్న మాట ఆ ఇంట్లో నా నోట రావడం అదే మొదలు. నాన్న అలవాటు ప్రకారం తన తండ్రి వైపు చూశాడు. తాతయ్య పేపరు దించలేదు.

“నన్ను చూస్తావేవిట్రా? ఆప్షన్ దానిది. సంతకం నీది.”

నాన్న సంతకం పెట్టాడు. ఎదురు చెప్పే శక్తి లేక పెట్టాడు, మా బాగా తెలుసు నాకు. అయినా పెట్టాడు.

ఆ ముసలాయన నాకు పాఠం చెప్పాలనే ముందురోజు అలా రాశాడని మా వాళ్ళందరూ అంటారు. ఆయన ఎంత గొప్పవాడో అని మా తమ్ముడు పెళ్ళిళ్ళలో ఈ కథ చెప్తాడు కూడా. నేను ఒప్పుకోను. నేను ఫారం చింపకపోతే ఆయన దాన్ని నిక్షేపంగా బడికి పంపి ఉండేవాడనే నా నమ్మకం. అది ఆయన్నే అడిగి ఉండవచ్చు, అడగలేదు. సైన్సు చదివాను, ముప్ఫై ఏళ్ళు ఒక లాబరేటరీలో పనిచేశాను, ఒక్కసారీ ఆయనకి దణ్ణం పెట్టి నీ చలవే అనలేదు.

ఆనాటి నుంచి ‘మీ ఇష్టం’ అన్న మాట నా నోట రాలేదు. ఎదటివాళ్ళ నోట వస్తే ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు ఢిల్లీ పక్కన వైశాలిలో మా ఫ్లాటుకి ఎవరొచ్చినా కాఫీయా టీయా అంటాను. ‘ఏదైనా పర్లేదు ఆంటీ’ అంటే గిన్నె పొయ్యి మీద పెట్టను. తేల్చి చెప్పేదాకా నిలబడతాను. గయ్యాళిదని పేరుంది, ఉండనీ.

కానీ ఆ సాయంత్రం అక్కడితో అయిపోలేదు. సంతకం పెట్టిన కాగితం ఊపుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. గెలిచిన మదం. నిన్న చేట పట్టుకుని చూస్తూ నిలబడ్డందుకు అమ్మ మీద కూడా కసిగా ఉంది. నీకేం కావాలో నువ్వెప్పుడైనా నోరు తెరిచి చెప్పావా, నీ వల్లే నాకూ ఈ మూగతనం వచ్చింది అని దులిపేశాను. అమ్మకి కోపం రాలేదు. పొయ్యి మీది పెనం దించి, చెయ్యి తుడుచుకుని ఆ ఫారం అందుకుంది. ఆమెకి ఇంగ్లీషు చదవడం రాదు. అయినా పైనుంచి కిందిదాకా చూసింది.

“నీకు కాగితవన్నా వచ్చింది కదే,” అంది.

తాతయ్య నిఘంటువులో ఆ సంగతి లేదు. ఎదటివాడు రెండో మూడో ముందు పెడితే కదా కోరుకోవడం. అమ్మ ముందు ఎవరూ ఏమీ పెట్టలేదు. అది నాకు ఆ క్షణానే అర్థమయింది. పదమూడేళ్ళదాన్నయినా అర్థమయింది. నీకేం కావాలమ్మా అని అడగడానికి అంతకన్నా మంచి సమయం లేదు, వంటింట్లో వినేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆమె ఫారం నా చేతికిచ్చి, నిన్నటి నుంచి తిండి లేదు, ఏం చేసిపెట్టమంటావు అని అడిగింది.

దోసెలు కావాలన్నాను. తిన్నాను. అడగలేదు.