మాస్టారు ఎగ్గొట్టిన పాఠం

ఇంగ్లీషు మాస్టారు తన నీడకు తానే జడిసే రకం. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసుకునేవాడు. యాభైకి దగ్గరపడుతున్నా ఎవరైనా పెళ్లి ఊసెత్తితే దగ్గొచ్చేది. అలాంటి మనిషి సాయంత్రం మేడ మీది గదిలో పెద్దవాళ్లకు పాఠం మొదలుపెడితే మాత్రం పులే. జాతీయం ఏదైనా సరే, ఒంటితో చేసి చూపిస్తేగాని వదిలేవాడు కాదు. విన్నది మర్చిపోతారు, కన్నది మర్చిపోరు అని ఆయన సిద్ధాంతం. కోపం మీది జాతీయాలు చెబుతూ బల్ల గుద్ది గుద్ది చెయ్యి వాచిన రోజులున్నాయి.

ఈసారి ఆ పులి కూడా ప్రేమ పాఠం దగ్గర ఆగిపోయింది. వ్యాపారం జాతీయాలు చెప్పాడు, వాన మీదివి రెండుసార్లు చెప్పాడు, దాని జోలికి మాత్రం పోలేదు. కారణం కిటికీ పక్కన కూర్చునే కళ్లజోళ్లావిడ. వీధి చివర కళ్లజోళ్ల దుకాణం ఆవిడది. భర్త పోయి చాలా ఏళ్లయింది. సందేహం వస్తే తలెత్తి ఆయన వంక చూసేది. అంతే, కంఠతా వచ్చిన పాఠం కాస్తా గొంతులో అడ్డం పడేది.

భయం ఊరికే రాలేదు. కింది వాటాలో టైపు నేర్పే ఆయన, తన దగ్గర నేర్చుకునే ఒకావిడతో మనసు విప్పి మాట్లాడాడు. ఆవిడ మర్నాటి నుంచి రాలేదు. ఆయన నలుగురి నోళ్లలో నాని, బోర్డు కూడా దించుకుపోయాడు.

"ఈ వయసులో ఇదేం పోయేకాలంరా ఆయనకి?" అంది మాస్టారి అక్క, కంచం ముందు పెడుతూ.

మాస్టారికి ముద్ద దిగలేదు. తను కాస్త బయటపడినా కళ్లజోళ్లావిడ మెట్లెక్కడం మానేస్తుంది. ఆ గంట కూడా లేకపోతే ఎలా బతకాలో ఆయనకు తోచలేదు.

చివరికి ఒక రోజు పాఠానికి వచ్చే బ్యాంకు గుమాస్తా నిలదీశాడు. "ప్రేమ పాఠం ఎగ్గొట్టేశారేంటి మాస్టారూ? పుస్తకంలో ఉందిగా."

తక్కినవాళ్లూ వంత పాడారు. ఇక తప్పలేదు.

"ప్రేమలో పడ్డం అని మనమూ అంటాం, వాళ్లూ అంటారు. ఎవరన్నా పడ్డం ఖాయం," అన్నాడు గొంతు సవరించుకుని. అందరూ నవ్వారు. మనకు గుండె దడదడలాడితే వాళ్లకు కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతాయన్నాడు. మనకు మతి పోతే వాళ్లకు ఏకంగా తలే పోతుందన్నాడు. "మనకి కాళ్లూ చేతులూ ఆడవు. వాళ్లేమో 'వీక్ ఎట్ ద నీస్' అంటారు. అంటే మోకాళ్లలో సత్తువ పోవడం. ఎలాగంటే..." అంటూ చేసి చూపబోయి, కిటికీ వైపు చూశాడు.

ఆవిడ ఆయన్నే చూస్తోంది.

మోకాళ్లు నిజంగానే వంగిపోయాయి. బల్ల పట్టుకోబోయి, పట్టు దొరక్క నేల మీద చతికిలబడ్డాడు. అయిపోయింది, అందరికీ తెలిసిపోయింది అనుకున్నాడు.

గది మాత్రం చప్పట్లతో మోగిపోయింది. "అచ్చం అలాగే చేశారు మాస్టారూ," అన్నాడు గుమాస్తా. ఆవిడ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు.

అందరూ వెళ్లాక బల్ల దగ్గరకొచ్చింది. "నిజం చెప్పండి. అది నటనేనా?"

టైపు మాస్టారి బోర్డు కళ్లముందు ఆడింది. "నటనేనండి," అన్నాడు.

"సరే." ఆవిడ సంచీ భుజాన వేసుకుంది. "నాకొచ్చిన ఇంగ్లీషు చాల్లెండి. రేపట్నుంచి రాను."

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. దేనికి భయపడి అబద్ధమాడాడో అదే జరిగింది. ఆవిడ సగం మెట్లు దిగేసరికి గుమ్మం దాకా పరుగెత్తాడు.

"ఏవండీ, అబద్ధం చెప్పాను. నటన కాదు. భయమేసింది."

ఆవిడ ఆగింది. "నాకు తెలుసు. రోజంతా జానెడు దూరంలో మొహాలు చూసే పని నాది. మీరే ముందు చెబితే, నాకూ చెప్పడానికి కాస్త ధైర్యం వస్తుందని అడిగాను."

మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, దిగిన మెట్లు ఒక్కొక్కటే మళ్లీ ఎక్కసాగింది.