గేటుకు అంటించిన బొట్టు

నాచారంలో నేను పాస్టర్‌గా ఉన్న చర్చి గేటు దగ్గర, చెప్పులు విప్పేముందు ఒకామె తన నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి గేటుకు అంటించేది. ఆరాధన అయ్యాక అదే బొట్టు మళ్లీ పెట్టుకుని ఉప్పల్‌లోని తన ఇంటికి పోయేది. ఆమె చర్చికి రావడం భర్తకు ఇష్టం లేదు. ఆ సంగతి నాకు తెలుసు.

తెలిసి కూడా ఒక ఆదివారం ప్రసంగంలో, "రెండు పడవల మీద కాళ్లు పెట్టేవాళ్లు దేవునికి అక్కర్లేదు" అన్నాను. కొందరు వెనక్కి తిరిగి ఆమెను చూశారు. వాళ్లు చూడాలనే అన్నాను.

తర్వాతి ఆదివారం ఆమె గేటు దగ్గర ఆగలేదు. తీయడానికి నుదుట బొట్టు లేదు. కనుబొమ్మ పైన కమిలి, వాచి ఉంది. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"వందనాలు అయ్యగారు. ఇగ ఇంట్ల గూడ బొట్టు పెట్టుకుంటలేను. ఇన్ని దినాలు తప్పు జేసిన. నా కోసం జర ప్రార్థన జేయున్రి."

క్షమాపణ ఎవరు అడగాలో తెలిసి కూడా, అలవాటుపడ్డ చెయ్యి ఆమె తల మీద పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డను క్షమించు" అన్నాను. వేళ్లు వాపుకు తగిలాయేమో, ఆమె ఉలిక్కిపడింది. అయినా తల పక్కకు తీయకుండా, నాకంటే గట్టిగా "ఆమెన్" అంది.